రేపటికి తగ్గుతది

కిషన్ రావుకు ఎడమ చెవి పోయి ఇరవై ఎనిమిదేళ్లు. కుడి చెవి సగం పోయి పదేళ్లు. ఈ సంగతి 1994 సెప్టెంబరు దాకా ఆయనకు తప్ప మరొకరికి తెలియదు.

తెలియనివ్వకుండా బతకడం ఆయనకు బాగా అలవాటైపోయింది. ఎవరు మాట్లాడినా చూపు వాళ్ల పెదవుల మీద ఉంచేవాడు. నలుగురిలో కూర్చోవలసి వస్తే గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు, వెనకనుంచి ఎవరూ పలకరించకుండా. ఏమీ అర్థం కానప్పుడు గంభీరంగా తల ఊపేవాడు. చిక్కడపల్లి గల్లీలో ఆయన్ను మిలిటరీ కిషన్ రావు అనేవారు. పిలిస్తే పలక్కుండా పోతున్నాడంటే అది మిలిటరీ పొగరు అనుకునేవారు. ఆ పేరు ఆయనకు మేలే చేసింది. భార్య దమయంతి నారాయణగూడలో ఒక బడిలో తెలుగు టీచరు. అరవై మంది పిల్లల మీద పాతికేళ్లుగా అరిచి అరిచి ఆమె గొంతు పెద్దదైంది. అదీ మేలే చేసింది.

ఆయన పందొమ్మిదో ఏట ఫౌజులో చేరాడు. అరవై ఆరులో ఎల్ఎంజీ అనే మరతుపాకి నేర్చుకునే రోజుల్లో ఒకనాడు పక్కవాడి తుపాకి మూతికి మరీ దగ్గరగా పడుకున్నాడు. ఆ సాయంత్రం ఎడమ చెవిలో కీచురాయి కూత మొదలైంది. తుపాకి నేర్పే ఉస్తాదుతో చెబితే నవ్వి, కల్ తక్ ఠీక్ హో జాయేగా, రేపటికి తగ్గుతుంది అన్నాడు. తెల్లారింది, ఆగలేదు. వారమైంది, ఆగలేదు. ఇక చెబితే మెడికల్లో తీసేసి ఇంటికి పంపుతారని కిషన్ రావు నోరు మూసుకున్నాడు. అట్లా నోరు మూసుకునే హవల్దారు అయ్యాడు, పన్నెండేళ్లు కొత్తగా చేరిన రంగరూట్లకు తుపాకి కాల్చడం నేర్పాడు, పింఛను పుచ్చుకుని ఇల్లు చేరాడు. ఆ పన్నెండేళ్లలో చెవుల్లో మోత అని ఆయన దగ్గరికి వచ్చిన కుర్రాళ్లు తక్కువేం కాదు. అందరికీ ఉస్తాదు చెప్పిన మాటే చెప్పి పంపాడు.

ఫౌజు నుంచి వచ్చాక దోమలగూడ నుంచి లోయర్ ట్యాంక్ బండ్‌కు దిగే దారిలో ఒక రైఫిల్ క్లబ్బులో ఆయన్ను ఇన్‌స్ట్రక్టరుగా పెట్టుకున్నారు. క్లబ్బు అంటే ఒకప్పటి టింబరు డిపో షెడ్డు. మూడు వైపులా ఇటుక గోడ, పైన రేకులు. ఒక చివర నిలబడి కాల్చే వరసలు ఆరు, పాతిక మీటర్ల దూరాన అట్టల గురులు, వాటి వెనక ఇసుక బస్తాలు. గుండు పేలితే చప్పుడు బయటికి పోయే దారి లేక గోడకూ రేకుకూ కొట్టుకుని తిరిగి మనిషి మీదికే వచ్చేది. చెవుల మీద పెట్టుకునే మఫ్‌లు క్లబ్బు మొత్తానికి నాలుగు జతలుండేవి. అవి మెంబర్లవి. అట్టలు మార్చే పీరయ్య దూది పెట్టుకునేవాడు.

పీరయ్యది మహబూబ్‌నగర్ జిల్లా. పదకొండేళ్ల కింద మేస్త్రీ పనికి వచ్చి, ఈ షెడ్డుకు గోడ కట్టి, కట్టిన గోడ దగ్గరే పనికి కుదిరాడు. అశోక్ నగర్ నాలా పక్క బస్తీలో భార్య కురుమమ్మతో ఉండేవాడు. కిషన్ రావు అతనితో ఎక్కువగా చేతి సైగలతోనే పని నడిపేవాడు. ఎర్ర జెండా ఎత్తితే రావాలి, దించితే గోడ వెనక్కి పోవాలి. ఇద్దరికీ మాటల అవసరం పడేది కాదు. ఎందుకు పడటం లేదో ఇద్దరికీ తెలుసేమో కూడా, కాని ఒకరినొకరు ఎన్నడూ అడగలేదు.

కిషన్ రావుకు ఒక్కతే కూతురు రచన. డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. కాలేజీ ఎన్‌సీసీలో రైఫిల్ పట్టింది, తండ్రి దగ్గర పిస్టల్ పట్టింది. చెయ్యి నిలకడగా ఉండేది, ఊపిరి మీద పట్టు ఉండేది, అంతకు మించి పంతం ఉండేది. క్రితం ఏడాది రాష్ట్ర పోటీల్లో రెండో స్థానం వచ్చింది. ఆ కాగితం పెట్టి క్రీడల కోటాలో కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు చేసింది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం అశోక్ నగర్ లైబ్రరీలో పరీక్షల చదువు, సాయంత్రం షెడ్డు. కూతురు ఖాకీ బట్టల్లో గల్లీలోకి వస్తుందని కిషన్ రావు లోలోపల ఎన్నిసార్లు ఊహించుకున్నాడో లెక్కలేదు.

ఆ ఏడాది జులైలో జరిగిన పోటీల్లో రచన ఒక పొరపాటు చేసింది. మఫ్‌లు పెట్టుకుని కాలుస్తూ, ఆపమని అధికారి చెప్పిన మాట వినిపించుకోలేదు. ఆఖరి గుండు ఆ మాట తరవాత పేలింది. అది లెక్కలోకి తీసుకోలేదు. మూడో స్థానం కూడా పోయింది. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కిషన్ రావు ఓదార్చలేదు. చెవులు మూసుకుని కాలిస్తే ఇట్లాగే ఉంటుందనీ, ఆర్డరు చెవిలో పడకపోతే నువ్వు సిపాయివి కావనీ, నెల రోజులు మఫ్‌లు ముట్టుకోకుండా ప్రాక్టీసు చెయ్యాలనీ అన్నాడు. రచన సరేనంది. తండ్రి మాట మీద ఆమెకు గురి ఉండేది.

ఆగస్టులో రెండో ఆదివారం క్లబ్బు సెక్రటరీ వీరరాఘవరావు ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన కాంట్రాక్టరు. ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డాడు. లైసెన్సు ఉన్న పాయింట్ త్రీ ఎయిట్ రివాల్వర్ ఉంది. ముగ్గురూ మఫ్‌లు తగిలించుకుని రచనకు ఎడమ పక్క వరసల్లో నిలబడ్డారు. రచన పట్టుకున్నది పాయింట్ టూ టూ పిస్టల్, దాని చప్పుడు వేరు, రివాల్వర్ చప్పుడు వేరు. మిగిలిన నాలుగో జత మఫ్‌లను ఆమె చేతిలోకి తీసుకుంది. కిషన్ రావు ఆ చేతిలోంచి వాటిని తీసుకుని గోడ మేకుకు తగిలించాడు.

అట్టలు సరిచేసి వచ్చిన పీరయ్య అది చూశాడు. జేబులోంచి దూది తీసి, "సారు, బిడ్డకు జర ఇదన్న పెట్టుండ్రి. ఇయ్యాల పెద్దయి పేలుతయి" అన్నాడు.

కిషన్ రావు అతని పెదవులు చదివాడు. చదివి కూడా జెండా దించాడు. పీరయ్య గోడ వెనక్కి పోయాడు.

అరగంట సేపు కాల్పులు సాగాయి. రివాల్వర్ పేలినప్పుడల్లా రేకులు అదిరేవి. మొదటి గుండుకు రచన భుజం ఉలిక్కిపడింది. కిషన్ రావు వెనక నిలబడి ఆమె భుజం మీద రెండు వేళ్లు ఆనించి, కదలొద్దని చెప్పాడు. పదో గుండు తరవాత ఆమె భుజం కదలడం మానేసింది. ఆయనకు సంతోషం వేసింది. ఆమె ముఖం అటు వైపు ఉంది కనక అది ఎట్లా ఉందో ఆయన చూడలేదు.

బయటికి వచ్చాక రచన ఎడమ చెవిలో చిటికెన వేలు పెట్టి ఆడించింది. నీళ్లు పోయినట్టు ఉందని, లోపల కుక్కర్ విజిల్ వేస్తున్నట్టు ఉందని చెప్పింది. ఆమె నవ్వుతూనే చెప్పింది, ఇది మామూలే కదా నాన్నా అన్నట్టు.

ఆ విజిల్ ఏమిటో కిషన్ రావుకు తెలుసు. అది తన ఎడమ చెవిలో ఆ క్షణాన కూడా కూస్తూనే ఉంది.

"రేపటికి తగ్గుతది" అన్నాడు.

మర్నాటికి తగ్గలేదు. దమయంతి వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసింది. మూడో నాటికి కూడా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోదామంది. కిషన్ రావు ఒప్పుకోలేదు. ఫౌజులో అందరికీ అయ్యేదే, దానంతట అదే పోతుంది, డాక్టరు దగ్గరికి పోతే కాగితం మీద ఎక్కుతుంది, ఆ కాగితం ఉద్యోగానికి అడ్డం పడుతుంది అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు నిజంగా కూతురి మేలు కోరే చెబుతున్నానని నమ్మాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా తనకు తాను చెప్పుకుంటున్నదీ ఆ మాటే. ఆ ఒక్క మాట మీదే ఆయన బతుకంతా నిలబడి ఉంది.

మూడు వారాలు గడిచాయి. రచన లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చోవడం మానేసింది, ఫ్యాను హోరూ చెవి మోతా కలిసి తల పగిలేదట. ఇంట్లో ఎవరన్నా పిలిస్తే ఒక్క క్షణం ఎటు నుంచో తెలియక చుట్టూ చూసేది. ఒకనాడు నారాయణగూడ చౌరస్తాలో ఎడమ పక్కనుంచి వచ్చిన ఆటో గుద్దబోతే ఎవరో చెయ్యి పట్టి వెనక్కి లాగారు. ఆ సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు, ఆ లాగినావిడ దమయంతి బడిలో ఆయా కావడం వల్ల బయటపడింది. దమయంతి ఆ సాయంత్రం భర్తతో వాదించలేదు. రేపు బడికి సెలవు పెట్టాను, కోఠి పోతున్నాం, మీరు వస్తే రండి లేకపోతే లేదు అంది.

ముగ్గురూ కోఠిలో చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రికి వెళ్లారు. రెండు గంటలు లైనులో కూర్చున్నాక రచనను ఒక చిన్న చెక్కగదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినబడ్డప్పుడల్లా వేలెత్తమన్నారు. అద్దంలోంచి కిషన్ రావు చూస్తూ నిలబడ్డాడు. మొదట వేలు చకచకా లేచింది. తరవాత చాలాసేపు లేవలేదు. రచన కళ్లు మూసుకుని, నొసలు ముడిచి, వినడానికి ఎంతగా ప్రయత్నిస్తున్నదో ఆయనకు తెలుస్తూనే ఉంది.

డాక్టరమ్మ యాభై ఏళ్ల మనిషి. గీతల కాగితం బల్ల మీద పరిచి చూపింది. కుడి చెవి గీత పైనే సాఫీగా పోయింది. ఎడమ చెవి గీత కొంత దూరం పోయి, సన్నటి చప్పుళ్ల వైపు, నాలుగు వేల అంకె దగ్గర గుంటలో పడ్డట్టు కిందికి దిగి, చివర కాస్త పైకి లేచింది. లోపలి చెవిలో సన్నటి నూగులాంటి కణాలుంటాయనీ, పెద్ద పేలుడుకు అవి గాలివానలో పైరు పడిపోయినట్టు పడిపోతాయనీ, కొన్ని లేస్తాయనీ, చచ్చినవి మళ్లీ మొలవవనీ చెప్పింది. ఎన్నాళ్లయిందని అడిగింది. మూడు వారాలు అంది దమయంతి.

"మొదటి రెండు మూడు రోజుల్లో వస్తే మందులు వేసి చూసేవాళ్లం. తగ్గేదని చెప్పను. కొంతన్నా తగ్గేదేమో. ఇప్పుడు వేసినా పెద్దగా లాభం ఉండదమ్మా" అంది డాక్టరమ్మ. దూది పెట్టుకుంటే చాలదా అని దమయంతి అడిగితే, దూదితో చప్పుడు కాస్త తగ్గినట్టు అనిపిస్తుందే గాని చెవిని కాపాడదని చెప్పింది. రేకుల షెడ్డులో అయితే చెవి లోపలికి ప్లగ్గులు పెట్టి, వాటి మీద మఫ్‌లు కూడా పెట్టుకోవాలట. ఆమె కాల్చేదే కాదు, పక్కవాడు కాల్చేది కూడా అంతే దెబ్బట.

మాట్లాడుతూనే డాక్టరమ్మ లేచి, కిషన్ రావు వెనక ఉన్న బీరువా తెరిచి, మీ వయసెంతండీ అని అడిగింది. ఆయన పలకలేదు. ఆమె మళ్లీ అడిగింది. రచన తండ్రి ముఖం చూసింది. ఆయన బల్ల మీది కాగితం వైపే చూస్తూ గంభీరంగా కూర్చుని ఉన్నాడు.

డాక్టరమ్మ ముందుకు వచ్చి, ఒకసారి మీరూ లోపల కూర్చోండి అంది. కిషన్ రావు కాదనలేకపోయాడు. చెక్కగదిలో తలుపు మూశాక ఆయనకు వినబడింది తన కీచురాయి ఒక్కటే. ఎప్పుడు వేలెత్తాలో తెలియక ఒకటి రెండుసార్లు ఊరికే ఎత్తాడు.

రెండో కాగితాన్ని డాక్టరమ్మ మొదటిదాని పక్కన పెట్టింది. ఎవరూ వివరించనక్కర లేకపోయింది. కూతురి గీత ఎక్కడ దిగిందో తండ్రి గీత కూడా అక్కడే దిగింది, కాకపోతే దిగి మళ్లీ పైకి లేవలేదు. ఎప్పటినుంచి అని అడిగితే కిషన్ రావు అరవై ఆరు నుంచి అని చెప్పాడు. దమయంతి రెండో కాగితాన్ని తన ముందుకు లాక్కుంది. పెళ్లయింది అరవై తొమ్మిదిలో.

ఆసుపత్రి బయట, బస్టాపులో, రచన ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది. పెదవులు కనబడాలని అట్లా నిలబడిందని ఆయనకు అర్థమైంది. అది ఆయనకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"నీక్కూడా గిట్లనే మోగుతదా నాన్నా?"

"మోగుతది బిడ్డా."

"గదే మోత అని ఆ రోజే ఎర్కనా నీకు?"

"ఎర్కనే."

"మరి రేపటికి తగ్గుతదని ఎందుకన్నవు?"

కిషన్ రావు రోడ్డు వైపు తిరిగి, "చెవిటోడని తీసేస్తరని నా జిందగీల ఎవ్వరికీ చెప్పలే. నువ్వు గూడ ఎవ్వరికీ చెప్పుకోకుంట బతుకొచ్చు అనుకున్న" అన్నాడు.

బస్సు వచ్చాక రచన తల్లి పక్కకు పోయి కూర్చుంది.

అక్టోబరులో పోలీసు ఉద్యోగానికి మెడికల్ జరిగింది. రాత పరీక్ష, పరుగు అన్నీ దాటింది రచన. చివర్లో ఒక డాక్టరు ఆమె వెనక దూరంగా నిలబడి, ఒక చెవి మూయించి, గుసగుసగా అంకెలు చదివాడు. ఎడమ చెవి మూసినప్పుడు అన్నీ తిరిగి చెప్పింది. కుడి చెవి మూసినప్పుడు ఆయన చదవడం మొదలుపెట్టాడో లేదో కూడా తెలియక నిలబడిపోయింది. కాగితం మీద అన్‌ఫిట్ అని రాశారు. ఇంటికి వచ్చి ఆ కాగితాన్ని దమయంతికి ఇచ్చింది, తండ్రికి ఇవ్వలేదు. రెండోసారి పరీక్ష చేయించుకునే వీలుందంటే చేయించుకుంది. రెండోసారీ అదే రాశారు.

ఆ తరవాతి ఆదివారం క్లబ్బు కమిటీ మీటింగు పెట్టుకుంది. కిషన్ రావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రెండు గీతల కాగితాలూ కవరులో పెట్టుకుని వెళ్లాడు. ముందుగా ఏమేం చెప్పాలో రాసుకున్నాడు గాని ఆ కాగితం తీయలేదు. తన కూతురికి ఏమైందో చెప్పాడు. మఫ్‌లు తనే తీసి మేకుకు తగిలించానని చెప్పాడు. ఇక మీదట ప్లగ్గులు, మఫ్‌లు రెండూ లేకుండా ఎవరూ షెడ్డు లోపలికి పోకూడదనీ, అట్టలు మార్చే పీరయ్యకు కూడా ఇవ్వాలనీ, అతనికి పిలిస్తే వినపడక ఏళ్లయిందనీ చెప్పాడు. చివరికి తన సంగతి కూడా చెప్పి రెండో కాగితం బల్ల మీద పెట్టాడు.

వీరరాఘవరావు ఆ కాగితం చేతిలోకి తీసుకుని చూశాడు. చెడ్డవాడు కాడు ఆయన.

"అంటే ఇన్నాళ్లూ మీకు వినపడకుండానే మా వెనకాల నిలబడి కాల్పులు జరిపించారా రావు గారూ? ఎవరన్నా ఆగమని అరిస్తే?"

ఆ ప్రశ్న న్యాయమైనది. ఎప్పుడో ఒకప్పుడు అది ఎవరో ఒకరు అడుగుతారని కిషన్ రావుకు తెలుసు. తాళంచెవుల గుత్తి తీసి బల్ల మీద పెట్టి లేచాడు.

అయితే అది అక్కడితో ఆగలేదు. చెవులు వినపడనివాణ్ని గురుల దగ్గర పెట్టుకుంటే రేపు ఏదైనా జరిగితే ఎవరు బాధ్యులని కమిటీలో ఒకరు అన్నారు. మర్నాడు పీరయ్యను కూడా రావద్దన్నారు.

కిషన్ రావుకు ఈ సంగతి నాలుగు రోజులకు తెలిసింది. ఆ మధ్యాహ్నమే అశోక్ నగర్ నాలా పక్క బస్తీకి వెళ్లాడు. పీరయ్య ఇంట్లో లేడు, ముషీరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటు పనికి పోయాడు. కురుమమ్మ బియ్యం చేటతో గడపలో కూర్చుని ఉంది. ఆయన చెప్పుకోవలసినదంతా నిలబడే చెప్పుకున్నాడు. మేలు చేద్దామనే చెప్పాననీ, ఇట్లా అవుతుందని అనుకోలేదనీ అన్నాడు.

కురుమమ్మ చేట పక్కన పెట్టింది.

"గాయినకు చెవులు పోయిన సంగతి మాకు ఎన్నడో ఎర్కే సారు. ఇంట్ల నేను గట్టిగ మాట్లాడుత, అక్కడ మీరు చేతుల్తోని చెప్తరు, ఎట్లనో ఎల్లిపోతుండె. మీ సంగతి మీరు చెప్పుకున్నరు, మంచిదే. గాయిన సంగతి చెప్పే ముంగట గాయిన్ని ఒక్క మాట అడుగొద్దా?"

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది కిషన్ రావుకు. అపార్ట్‌మెంటు పనిలో పైనుంచి ఇటుక పడుతున్నదని అరిస్తే అతనికి వినపడదు కనక రేపటి నుంచి తాను కూడా అక్కడే తట్టలు మోయడానికి కుదిరానని, అతని వెనక వెనకే ఉంటానని, ఏదైనా పడుతుంటే చెయ్యి పట్టి గుంజుతానని చెప్పింది. చెప్పి మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంది.

రెండు వారాలు తిరిగి తిరిగి కిషన్ రావు తనకు తెలిసిన ఒక రిటైర్డ్ సుబేదారు గోడౌనులో పీరయ్యకు కాపలా పని అడిగి పెట్టించబోయాడు. కాపలావాడికి చెవులు కావాలని సుబేదారు అన్నాడు. పీరయ్యను కోఠి ఆసుపత్రికి మాత్రం తీసుకుపోయాడు. ఒక చెవి కర్ణభేరికి చిల్లు పడిందని, రెండో చెవి దాదాపు లేనట్టేనని చెప్పారు. పీరయ్య ఆ కాగితం మడిచి లుంగీ మడతలో పెట్టుకుని, చాయ్ తాగుదామా సారు అన్నాడు. ఇద్దరూ ఆసుపత్రి ఎదురుగా నిలబడి చాయ్ తాగారు. పీరయ్య అప్పుడే కాదు, ఆ తరవాత కూడా ఎన్నడూ ఆయన్ను ఒక్క మాట అనలేదు.

క్లబ్బులో మెంబర్లందరూ బెదిరిపోయి చెవులు పరీక్ష చేయించుకున్నారని, పన్నెండు జతల మఫ్‌లు తెప్పించారని, వరసకు వరసకు మధ్య చెక్క అడ్డాలు కట్టించారని ఆ తరవాత తెలిసింది. కొత్త ఇన్‌స్ట్రక్టరు మెడలో విజిలు వేసుకుని, గోడ మీద ఎర్ర దీపం కూడా పెట్టించాడట. కిషన్ రావు కోరినవన్నీ జరిగాయి. జరిగిన చోటికి పోవడానికి ఆయనకూ పీరయ్యకూ దారి లేదు.

ఇంట్లో రచన తండ్రితో పోట్లాడలేదు. అన్నం పెట్టేది, నీళ్లు అందించేది, మాట్లాడవలసి వస్తే ఎదురుగా వచ్చి నిలబడి నిదానంగా మాట్లాడేది. దమయంతి మాత్రం కొన్నాళ్లు గొంతు తగ్గించేసింది. పాతికేళ్లు గొంతు చించుకున్నది బడి పిల్లల కోసమే అనుకున్నాను, ఇంట్లో కూడా అరుస్తున్నానని నాకే తెలియలేదు అని ఒకనాడు కూతురితో అంటుంటే, కిషన్ రావు వాకిట్లోంచి ఆమె పెదవులు చదివాడు.

జనవరిలో రచన తమ కాలేజీ ఎన్‌సీసీ అమ్మాయిలకు ఫైరింగ్ నేర్పడానికి సాయం పోవడం మొదలుపెట్టింది. తాను పిస్టల్ ముట్టుకోలేదు. ప్లగ్గు నలిపి సన్నగా చేసి, చెవి పైకి లాగి, లోపల పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో ఆపి పట్టడం ఒక్కొక్క అమ్మాయికీ దగ్గర కూర్చుని నేర్పేది. మఫ్‌ల కింద జుట్టు నలుగుతుందని ఇద్దరు వద్దంటే ఆ ఇద్దరినీ వరసలోంచి పంపించేసిందట.

ఒక బుధవారం పొద్దున ఆమె తండ్రి ఎదురుగా వచ్చి నిలబడి, మధ్యాహ్నం నారాయణగూడలోని తమ కాలేజీకి రమ్మని చెప్పింది. ఎందుకని అడిగితే, కమిటీ ముందు ఏం చెప్పావో అదంతా ఎన్‌సీసీ పిల్లలకు చెప్పమంది.

కిషన్ రావు వెళ్లాడు. ముప్పై మంది అమ్మాయిలు నేల మీద కూర్చుని ఉన్నారు. ఒకప్పుడు రంగరూట్ల ముందు నిలబడ్డట్టే వాళ్ల ముందు నిలబడ్డాడు. ఎల్ఎంజీ సంగతి చెప్పాడు, కీచురాయి సంగతి చెప్పాడు, ఉస్తాదు మాట చెప్పాడు, ఆ మాట తాను ఎంతమందికి చెప్పాడో చెప్పాడు. కూతురి పేరు చెప్పకుండా కూతురి సంగతి చెప్పాడు. అమ్మాయిలు అప్పటికే రచన వైపు చూస్తున్నారు. వెనక వరసలో ఒకమ్మాయి లేచి ఏదో అడిగింది. ఆయనకు వినబడలేదు, దూరం వల్ల పెదవులూ తెలియలేదు. తల ఊపబోయి ఆగాడు. జీవితంలో మొదటిసారి నలుగురి ముందు, నాకు వినబడలేదు, ఇంకోసారి చెప్పమ్మా అన్నాడు.

ఆ అమ్మాయి ముందుకు వచ్చి అడిగింది. ఇప్పుడు కూడా ఆ చప్పుడు వస్తున్నదా అని. వస్తూనే ఉంది, మీతో మాట్లాడుతున్నప్పుడు కూడా వస్తున్నది, నేను పోయే దాకా వస్తది అని ఆయన చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

అయిపోయాక రచన గేటు దాకా వచ్చింది. బి.ఎడ్‌కు దరఖాస్తు పెట్టానని చెప్పింది. కిషన్ రావు తల ఊపాడు, ఈసారి అర్థమయ్యే ఊపాడు. ఏదో చెప్పబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మాఫ్ చేసిన అనుకోకు నాన్నా. చెయ్యలే. చేస్తనో లేదో గూడ తెల్వదు. కాని నువ్వు చెప్తే పిల్లలు నమ్ముతున్నరు. వచ్చే బుధవారం ఇంకో బ్యాచ్ ఉంది. రా."

వస్తానన్నాడు. ట్రాఫిక్ చూసుకుని రోడ్డు దాటాడు. అటు పక్కకు చేరాక, ఎన్ని గంటలకు రావాలో అడగలేదని గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి చూశాడు. రచన ఇంకా గేటు దగ్గరే ఉంది. మధ్యలో సిటీ బస్సులు, ఆటోలు. అరిచినా లాభం లేదని ఆమెకు తెలుసు. చెయ్యి ఎత్తి మూడు వేళ్లు చూపించింది. ఆయన కూడా మూడు వేళ్లు ఎత్తి చూపి, చిక్కడపల్లి వైపు నడిచాడు.